కళాకారుడు దిగే ఇల్లు ఏ వాడలో ఉంది?

ఆర్ట్ రెసిడెన్సీ అనే మాట కొత్తగా వినిపిస్తుంది గానీ విషయం సులువైందే. ఒక కళాకారుడికి కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉండటానికి చోటిస్తారు. భోజనం ఏర్పాటు చేస్తారు. పని చేసుకోవడానికి గది, సామాన్లు, చేతి ఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. ఆ కాలంలో ఆయనో ఆమో ఒక పని చేసి, చూపించి వెళ్తారు. మొదట్లో ఇవి మహానగరాల్లో, కళాశాలల ఆవరణల్లో ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు పొలాల మధ్య ఉన్న చిన్న పట్టణాలకు, పల్లెలకు కూడా వస్తున్నాయి. 'స్థానిక సముదాయంతో కలిసి', 'రైతులతో కలిసి' లాంటి మాటలు వీటి కరపత్రాల్లో తరచూ కనిపిస్తాయి.

ఈ ఆలోచన మీద మాకు కోపం లేదు. కళ పట్నం దాటి రావడం మంచిదే. వ్యవసాయ పట్టణాల్లో సాయంత్రం పూట పిల్లలకు బొమ్మ వేయడం నేర్పేవాళ్లు, పాట కట్టడం నేర్పేవాళ్లు ఎంతమంది ఉన్నా తక్కువే. మా ప్రశ్న వేరే. ఉండే చోటు, తినే కూడు, తాగే నీళ్లు. రెసిడెన్సీ నిలబడేది ఈ మూడింటి మీదే. మన ఊళ్లలో కులం కాపలా కాసేది కూడా సరిగ్గా ఈ మూడింటినే. అందుకే ఊరికి వచ్చిన కళాకారుడు ఎవరింట్లో దిగాడు, ఎవరు వండింది తిన్నాడు, ఏ కుళాయి నీళ్లు తాగాడు అనేవి ఉత్త ఏర్పాట్ల సంగతులుగా తీసేయలేం. ఆ కళ ఎవరికి దగ్గరవుతుందో, ఎవరికి దూరమవుతుందో మొదటి రోజే అక్కడ తేలిపోతుంది.

'సముదాయం' అంటే ఎవరు?

ఒక మామూలు వ్యవసాయ పట్టణాన్ని తీసుకుందాం. మార్కెట్ యార్డు, రైస్ మిల్లులు, ఎరువుల దుకాణాలు, వడ్డీ వ్యాపారం, గుడి కమిటీ, ఫంక్షన్ హాలు. ఇవన్నీ ఎక్కువగా రెండు మూడు ఆధిపత్య కులాల చేతుల్లో ఉంటాయి. నాట్లు, కలుపు, కోతలు, హమాలీ పని, డ్రైనేజీ పని చేసేవాళ్లు ఊరికి ఒక పక్కన ఉంటారు. పట్నం నుంచి ఒక సంస్థ వచ్చి 'మీ ఊళ్లో ఒక కార్యక్రమం చేయాలనుకుంటున్నాం' అన్నప్పుడు ముందుగా ఎవరిని కలుస్తుంది? ఖాళీ గదులున్న మేడ ఎవరిదో వాళ్లను. కారు పంపగలిగిన వాళ్లను. నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడే అరుగు ఉన్నవాళ్లను. ఇందులో ఎవరూ కావాలని వివక్ష చూపాల్సిన పనిలేదు. సౌకర్యం చూసుకుంటే చాలు, కులం తన పని తాను చేసుకుపోతుంది. సాయంత్రానికల్లా 'సముదాయం' ఎవరో ఖాయమైపోతుంది.

'రైతులతో కలిసి' అన్న మాట సంగతీ అంతే. మన దగ్గర రైతంటే పట్టా ఉన్నవాడనే అర్థం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన చూస్తే సాగు విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. పొలంలో ఎక్కువసేపు వంగి పనిచేసేవాళ్ల పేరు చాలాసార్లు పట్టాదారు పుస్తకంలో ఉండదు. రైతుల జీవితం మీద కళ చేస్తామని వచ్చినవాళ్లు కూలీల దగ్గరికి, కౌలుదారుల దగ్గరికి వెళ్లకపోతే భూమి ఉన్నవాడి జ్ఞాపకాలనే ఊరి చరిత్రగా గోడ మీద వేసి వెళ్తారు.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. 'మీ ఊళ్లో జానపద కళలు ఏమున్నాయి?' జవాబు సిద్ధంగా ఉంటుంది. 'రేపు డప్పులోళ్లను పిలిపిస్తాం.' ఆ 'పిలిపిస్తాం' అనే మాట వెనుక తరాల వెట్టి ఉంది. చావుకు, జాతరకు, దండోరాకు పిలవగానే వచ్చి కొట్టాలి. రానంటే దండుగ, వెలి. మన ఊళ్లలో దళితుల కళ చాలాకాలం 'సముదాయ కళ'గానే ఉంది. వాళ్ల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఊరంతటికీ చెందిన పనిగా ఉంది. కొత్తగా వచ్చిన రెసిడెన్సీ కూడా అదే పెద్దమనిషి చేత కబురు పంపి డప్పు కొట్టిస్తే పేరు మారుతుంది గానీ పద్ధతి మారదు.

'అందరికీ ప్రవేశం' చాలదు

'మా కార్యక్రమం అందరిదీ, ఎవరినీ ఆపం' అని నిర్వాహకులు అంటారు. వాళ్లు మనస్ఫూర్తిగానే అంటారని అనుకుందాం. కానీ కాగితం మీద తెరిచిన తలుపుకూ నిజంగా తెరుచుకున్న తలుపుకూ ఎంత తేడా ఉంటుందో మహాడ్ చెప్పింది. అదీ చిన్న పట్టణమే. అక్కడి చవదార్ చెరువును అందరూ వాడుకోవచ్చని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం ఉన్నా అంటరానివాళ్లు ఆ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్లి తాగితేనే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. అప్పుడు కూడా సవర్ణులు దాడి చేశారు, తర్వాత చెరువును 'శుద్ధి' చేసుకున్నారు.

మన తెలుగు నేల మీద కూడా ఈ పాఠం రక్తంతోనే రాసి ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కక్ష మొదలైంది సినిమా హాల్లో, ఒక దళిత యువకుడి కాలు తగిలిందనే మాట దగ్గర. రెండూ పచ్చని పొలాలున్న సంపన్న వ్యవసాయ గ్రామాలే. ఒకచోట నీళ్లు, ఒకచోట కళను చూసే హాలు. ఊళ్లో కళ కోసం నలుగురు కూర్చునే చోటు దానంతట అది అందరిదీ అయిపోదని చుండూరు తెలిసినవాళ్లకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే 'అందరికీ ప్రవేశం' అనే బోర్డు మాకు సరిపోదు. ఆ బోర్డు ఏ వీధిలో పెట్టారో చూస్తాం. ప్రదర్శన గుడి మండపంలోనో, దొర గడీలోనో పెట్టి ఎవరైనా రావచ్చంటే వాడ నుంచి వచ్చేవాళ్లు పదిసార్లు ఆలోచిస్తారు. వచ్చినా వెనకాల నిలబడతారు.

రెసిడెన్సీ వాడకు కొత్త కాదు

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. కళాకారులకు నీడ ఇచ్చి, కూడు పెట్టి, వాళ్ల చేత ఆట ఆడించుకునే పద్ధతి పట్నం నుంచి మనకు రాలేదు. తెలంగాణలో చిందు మేళాలు తరతరాలుగా ఊరూరా తిరిగాయి. ఏ చిందు కుటుంబానికి ఏ ఊళ్లు అనే లెక్క ఉండేది. దాన్ని మిరాశి అంటారు. మేళం వచ్చి మాదిగవాడలో దిగేది. కొన్ని రోజులు అక్కడే ఉండి చిందు యక్షగానం ఆడేది, జాంబపురాణం వినిపించేది, ఎల్లమ్మ వేషం కట్టేది. వాళ్లకు ధాన్యమో, డబ్బో, గొర్రెపిల్లో ఇచ్చి పంపింది మాదిగలే. సెంటు భూమి లేని కూలీలు తమ గింజల్లోంచి తీసి కళాకారుల్ని పోషించారు. దక్కలివాళ్లు కిన్నెర పట్టుకుని, పటం విప్పి మాదిగల పుట్టుక కథ చెప్పేవాళ్లు. బైండ్లవాళ్లు జమిడిక వాయించి ఎల్లమ్మ కథ చెప్పేవాళ్లు. గుడి మెట్లెక్కనివ్వని మనుషులకు తమ చరిత్ర తమకు వినిపించింది ఈ కళాకారులే.

నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ గానీ, 2024లో పద్మశ్రీ అందుకున్న జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గానీ పెరిగింది ఈ సంప్రదాయంలోనే. దీనికి గ్రాంటు లేదు, కరపత్రం లేదు, ప్రారంభోత్సవం లేదు. కానీ ఇప్పుడు రెసిడెన్సీ అని పిలుస్తున్నదానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన కళాకారుడు, ఆతిథ్యం ఇచ్చిన సముదాయం, అక్కడికక్కడే పుట్టిన ఆట, ఎదుట కూర్చున్న జనం.

అయితే దీన్ని స్వర్ణయుగంగా చూపడం మా ఉద్దేశం కాదు. మిరాశి కూడా పుట్టుకతో వచ్చే హక్కే. చిందువాడి బిడ్డ చిందువాడే కావాలి. వాడలో కూడా మెట్లున్నాయి. దక్కలివాళ్లను మాదిగలు తమ ఇళ్లలోకి రానివ్వలేదు, కలిసి తినలేదు. వాళ్లు వాడకు కూడా బయట గుడిసెలు వేసుకున్నారు. అంబేద్కర్ అంచెలంచెల అసమానత అన్నది ఇదే. ఊరు మాదిగకు చేసింది, మాదిగ దక్కలికి చేశాడు. కాబట్టి మేము కోరేది పాత పద్ధతిని తిరిగి తేవడం కాదు. కళాకారులకు ఆతిథ్యం ఇవ్వడం వాడకు చేతనైన పని అని చరిత్ర రుజువు చేసింది. ఆ ఆతిథ్యంలో నుంచి కులాన్ని తీసేయడమే మిగిలిన పని.

యాభై రూపాయల లెక్క

ఇక డబ్బు సంగతి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలున్నాయి. తెలుగు రాష్ట్రాలు తంజావూరులోని దక్షిణ మండల కేంద్రం పరిధిలోకి వస్తాయి. ఈ కేంద్రాలు నడిపే గురు-శిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500 రూపాయలు, పక్క వాయిద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500 ఇస్తూ వచ్చారు. శిష్యుడి లెక్క రోజుకు 50 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే మట్టి తవ్వితే వచ్చేదాంట్లో ఆరో వంతు ఇచ్చి కళ నేర్చుకోమంటున్నారు. పొలమో, నౌకరీయో ఉన్న ఇంటి పిల్లవాడు ఆ యాభైతో నేర్చుకోగలడు. కూలీ బిడ్డ ఆ రోజు కూలి పోగొట్టుకుని నేర్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు అయింది. ఇది చిన్న విషయం కాదు. డప్పు కొట్టిన చేతిని ప్రభుత్వం కళాకారుడి చేయిగా గుర్తించడానికి ఎంతో కొట్లాట జరిగింది. కానీ పింఛను వయసు మళ్లినవాళ్లకు. పాతికేళ్ల అమ్మాయి డప్పు నేర్చుకుని, కొత్త దరువు కట్టి, దాన్ని రికార్డు చేసి అమ్ముకోవాలంటే పింఛను పనికిరాదు. ఆమెకు కావలసింది చోటు, సమయం, జీతం. రెసిడెన్సీ ఇవ్వగలిగేది సరిగ్గా ఇవే. అవి ఆమెకు కాకుండా ఆమెను 'పరిశోధించడానికి' వచ్చినవాళ్లకు అందుతున్నాయి.

బిరుదు బువ్వ పెట్టదని దర్శనం మొగులయ్య బతుకు చెప్పింది. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చిన ఈ దక్కలి కళాకారుడు పన్నెండు మెట్ల కిన్నెర వాయించాడు. 2021లో ఆయన గొంతు 'భీమ్లా నాయక్' సినిమా పాటలో వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడాల దగ్గర కూలి పని చేస్తున్నాడన్న వార్త వచ్చింది. నెలనెలా రావలసిన గౌరవ భృతి ఆగిపోయిందని ఆయన అప్పుడు చెప్పుకున్నాడు.  ఒక్కసారిగా ఇచ్చే సొమ్ము, ఒక్కరికి ఇచ్చే సన్మానం, వేదిక మీద కప్పే శాలువా కళను గానీ కళాకారుణ్ణి గానీ నిలబెట్టవు. మొగులయ్య దగ్గర పదిమంది పిల్లలు ఏడాది పాటు జీతంతో కిన్నెర నేర్చుకునే ఏర్పాటు ఉండి ఉంటే, ఆ పదిమందికీ ఆయనకూ కలిపి అయ్యే ఖర్చు ఎంత? ఒక ఉత్సవం ప్రారంభ సభకు పెట్టే ఖర్చును పక్కన పెట్టి చూడండి.

మూడు చోట్ల నుంచి మూడు పాఠాలు

పల్లెల్లో కళ గురించి మాట్లాడేటప్పుడు నిర్వాహకులు తరచూ జపాన్‌ను చూపిస్తారు. నీగాతా ప్రాంతంలో ఎచిగో-త్సుమారి అనే కొండ ప్రాంతంలో 2000 నుంచి మూడేళ్లకోసారి పెద్ద కళా ఉత్సవం జరుగుతోంది. దాదాపు 760 చదరపు కిలోమీటర్ల వరి మళ్లు, ఊళ్లు దానికి వేదిక. యువతరం వెళ్లిపోయి ఖాళీ అయిన ఇళ్లను, పిల్లలు లేక మూతపడిన బడులను కళాకారులకు ఇచ్చారు. ఒక ముసలి రైతు పొలంలో బొమ్మలు నిలబెట్టాలని కళాకారులు అడిగితే ఆయన ముందు ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకున్నాకే పెట్టారు. ఈ మర్యాద నేర్చుకోదగిందే. కానీ ఆ నమూనాను ఇక్కడికి యథాతథంగా తెస్తే కుదరదు. అక్కడి సమస్య ఊరు ఖాళీ కావడం. ఇక్కడి సమస్య ఊరు రెండుగా చీలి ఉండటం. ఖాళీ ఇల్లు దొరికితే అక్కడ పని మొదలవుతుంది. ఇక్కడ ఆ ఖాళీ ఇల్లు ఏ వైపు ఉందో చూడాలి.

రెండో పాఠం మన పొరుగునే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్ బస్తర్ ప్రాంతపు చిన్న పట్టణం. ముంబైకి చెందిన కళాకారిణి నవ్‌జోత్ అల్తాఫ్ 1997 నుంచి అక్కడ రాజ్‌కుమార్ కొర్రం, శాంతిబాయి, గెస్సూరామ్ లాంటి స్థానిక కళాకారులతో కలిసి పనిచేశారు. వాళ్లు ఎంచుకున్న చోట్లలో చేతిపంపులు ముఖ్యమైనవి. నీళ్లకు వచ్చే ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడి, బిందెను ఒక్కసారిగా కింద నుంచి నెత్తికెత్తుకునే కష్టం లేకుండా నడుమ ఆనించుకునే దిమ్మెలు కట్టారు. వాటి చుట్టూ తమ బొమ్మల్ని చెక్కారు. చేతిపంపు దగ్గర మొదలైన కళ ఎవరికి ఉపయోగమో ఎవరూ వివరించనక్కర్లేదు. భర్త చెక్కడం పనికి సాయంగా ఉన్న శాంతిబాయి అక్కడ సొంత పేరుతో శిల్పి అయింది. ఒక్క నెల వచ్చి వెళ్తే ఇది జరిగేది కాదు. ఏళ్ల తరబడి ఉంటేనే జరిగింది. ఇంత చేసినా ఆ పని గురించి బయట మాట్లాడేటప్పుడు ముందు వినిపించేది నగరం నుంచి వచ్చిన కళాకారిణి పేరే. ఆమె తప్పు లేకపోయినా కళా ప్రపంచం అలవాటు అది.

పేరు, డబ్బు, భూమి. ఈ మూడింటి గురించి నేర్చుకోవాలంటే అమెరికాలోని అలబామా రాష్ట్రం దాకా వెళ్లాలి. అక్కడ గీస్ బెండ్ అనే పత్తి పల్లె ఉంది. బానిసల వారసులైన నల్లజాతి మహిళలు పాత బట్టల ముక్కలు కలిపి బొంతలు కుట్టేవారు. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతల్లాంటివే. 1962లో వాళ్లు ఓటర్లుగా నమోదు కావడానికి ప్రయత్నిస్తున్న రోజుల్లో నది దాటించే పడవను ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లో. ఓటు అడిగినందుకు ఆ చుట్టుపక్కల కౌలు కుటుంబాలను భూముల నుంచి వెళ్లగొట్టారు. 1966లో ఆ మహిళలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. బొంతలు అమ్మిన సంఘం 23 ఎకరాలు కొని కుట్టుపని కేంద్రం కట్టింది, అందులో కొంత భూమిని అలా వెళ్లగొట్టిన కుటుంబాలకు ఇళ్ల స్థలాలుగా ఇచ్చింది. కళ నుంచి భూమి పుట్టిన ఉదాహరణ ఇది.

2002లో ఆ బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంల గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికి వచ్చాయి. 2007లో కొందరు మహిళలు తమ బొంతల మీద, డిజైన్ల మీద వచ్చిన డబ్బులో తమకు న్యాయమైన వాటా దక్కలేదని కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. పొగడ్త ఎంత పెద్దదైనా ఒప్పందం కాగితం మీద లేకపోతే కళాకారుడు కోర్టు మెట్లెక్కక తప్పదని గీస్ బెండ్ చెబుతోంది.

మేము అడుగుతున్నవి

ఈ అనుభవాలన్నీ దగ్గర పెట్టుకుని, వ్యవసాయ పట్టణాల్లో రెసిడెన్సీలు పెడుతున్న సంస్థల ముందు, రెండు తెలుగు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖల ముందు కొన్ని విషయాలు పెడుతున్నాం.

మొదటిది చోటు. చాలా మండల కేంద్రాల్లో అంబేద్కర్ భవనాలున్నాయి. వాటిలో కొన్ని జయంతికీ, వర్ధంతికీ తప్ప తాళం తీయక పాడుబడుతున్నాయి. ఎస్సీ హాస్టళ్లు వేసవి సెలవుల్లో ఖాళీగా ఉంటాయి. రెసిడెన్సీ అక్కడ పెట్టండి. భవనానికి మరమ్మతు జరుగుతుంది, వాడ పిల్లలు బెదురు లేకుండా లోపలికి వస్తారు. ఊరివాళ్లు కళ చూడాలనుకుంటే వాడకు నడిచివస్తారు. ఆ నడక కూడా కార్యక్రమంలో భాగమే.

రెండోది వంట. వాడ మహిళలు వండాలి, మంచి కూలి ఇవ్వాలి, వచ్చినవాళ్లంతా ఒకే పంక్తిలో తినాలి. బడిలో దళిత మహిళ మధ్యాహ్న భోజనం వండిందని పిల్లల్ని తిననివ్వని వార్తలు దేశంలో ఇంకా వస్తూనే ఉన్నాయి. అలాంటి దేశంలో ఒక పంక్తి భోజనానికి మించిన ప్రదర్శన ఏముంది? కూలి ఇళ్లలో కళాకారులను ఉంచితే ఆ ఖర్చు ఆ ఇంటి మీద వేయకూడదు. పేదవాడి మర్యాదను ఉచితంగా వాడుకోవడం కూడా వెట్టే.

మూడోది జీతం, పేరు. బయటి నుంచి వచ్చిన కళాకారుడికి ఎంత ఇస్తారో కలిసి పనిచేసే స్థానిక కళాకారుడికి అంతే ఇవ్వాలి. ఒకరికి ఫెలోషిప్, మరొకరికి దినకూలి అనే తేడా ఉండకూడదు. 'స్థానిక డప్పు బృందం' అని రాసి వదిలేయకుండా ప్రతి మనిషి పేరూ రాయాలి. పాటను, దరువును, బొమ్మను ఎవరు ఎక్కడ వాడుకోవచ్చు, వచ్చిన డబ్బులో ఎవరికెంత అనేది తెలుగులో రాసిన ఒప్పందంలో ఉండాలి. దాన్ని సంతకం పెట్టే ముందు చదివి వినిపించాలి.

నాలుగోది ఎంపిక. ఎంపిక చేసే కమిటీలో దళిత, ఆదివాసీ కళాకారులు ఉండాలి. దళితులంటే ఒకే ముద్ద కాదు. ఎస్సీలను ఉపవర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ తన 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి తెచ్చింది. చదువులో, ఉద్యోగంలో గుర్తించిన ఈ తేడాను కళలో కూడా గుర్తించాలి. దక్కలి, చిందు, బైండ్ల, మాష్టి కుటుంబాల పిల్లలకు వాటా లేని 'దళిత కళ' సగం కళే.

అయిదోది నిధులు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక ప్రగతి నిధి చట్టం ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో నిధులు కేటాయించమంటున్నాయి. సాంస్కృతిక శాఖల వాటా కూడా అందులో ఉండాలి. ఆ వాటాలోంచి మండలానికి ఒక రెసిడెన్సీ పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఆరోది రక్షణ. కళాకారుడి దగ్గర తిరుగు టికెట్టు ఉంటుంది. ఆయనకు నీడనిచ్చిన ఇంటికి ఉండదు. గోడ మీద ఊరికి నచ్చని నిజం ఒకటి వేసి ఆయన బస్సెక్కి వెళ్లిపోతే పొలం పనికి పిలవకుండా, దుకాణంలో సరుకు ఇవ్వకుండా శిక్ష వేసేది ఆ ఇంటికే. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని 2015 సవరణ స్పష్టం చేసింది. ఏం వేయాలి, ఏం చూపాలి అనేది అక్కడ ఉండిపోయేవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. ఆ తర్వాత ఏదైనా జరిగితే సంస్థ వాళ్ల పక్కన కోర్టు దాకా నిలబడాలి.

ఏడోది, మాకు అన్నింటికన్నా ముఖ్యమైనది, మానేసే హక్కు. 'కళ అంతరించిపోతోంది, మీ పిల్లలు నేర్చుకోవాలి' అని వాడకు వచ్చి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. చావు డప్పు ఇక కొట్టమని చెప్పి దెబ్బలు తిన్నవాళ్ల పిల్లలకు ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. డప్పు కొట్టనని అన్నవాడి ఆత్మగౌరవమే తర్వాత ఉద్యమాల్లో అదే డప్పును తలెత్తి కొట్టించింది. వద్దనే హక్కు ఉన్నచోటే కావాలనే మాటకు విలువ. మాదిగ పిల్ల కెమెరా పట్టుకుంటానంటే కెమెరా ఇవ్వండి, ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటానంటే నేర్పండి. రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ పిల్లలు డప్పు నేర్చుకుంటామంటే వాడకు వచ్చి, గురువుకు దండం పెట్టి, ఫీజు కట్టి నేర్చుకోనివ్వండి. కులానికో కళ అనే లెక్క చెడినప్పుడే కళ అందరిదీ అవుతుంది.

'కళలోకి కులాన్ని ఎందుకు తెస్తారు' అని ఇది చదివి కొందరు అడుగుతారు. మేము తేలేదు. ఏ వాయిద్యం ఎవరు పట్టాలో, ఎవరు ఏ అరుగెక్కకూడదో రాసిపెట్టింది మేము కాదు. తోలుకు అంటు పెట్టి, ఆ తోలు మోతతోనే దేవతను ఊరేగించుకున్నది ఎవరో ఊరికి తెలుసు. ఆ రాత చెరిగిపోవాలనే మేము అడుగుతున్నాం.

రాబోయే ఏళ్లలో చిన్న పట్టణాలకు కళ పేరుతో డబ్బు వస్తుంది. కార్పొరేట్ సంస్థల సామాజిక బాధ్యత నిధుల నుంచి వస్తుంది, విదేశీ ఫౌండేషన్ల నుంచి వస్తుంది, పర్యాటక శాఖ నుంచి వస్తుంది. అది వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. మీ మండలంలో ఇలాంటి కార్యక్రమం మొదలవుతోందని తెలిస్తే ముందుగా వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. కళాకారులు ఎక్కడ ఉంటారు, ఎవరు వండుతారు, మనవాళ్లకు ఎంత ఇస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన వాళ్లకు వాడ తలుపు తీస్తుంది. సెంటు భూమి లేనప్పుడే చిందు మేళానికి చోటిచ్చిన వాడ అది.